ఇన్‌ఛార్జి ఫాసిస్టు

ఆ విశ్వవిద్యాలయంలో మనోభావ పరిరక్షణ కమిటీ అని ఒకటి ఉంది. అది ఊరికే పుట్టలేదు. అంతకు ముందు ఏడు చరిత్ర శాఖలో ఒకాయన, ఆ ప్రాంతాన్ని పూర్వం ఏలిన జమీందారు పరమ పిసినారి అని తన సిద్ధాంత గ్రంథంలో రాసేశాడు. జమీందారు గారి మునిమనవలు మందీమార్బలంతో వచ్చి, గేటు ముందు బైఠాయించి, తమ ముత్తాత ఎంత ఉదారుడో మూడు రోజులపాటు మైకులో వివరించారు. షామియానా మాత్రం విశ్వవిద్యాలయాన్నే వేయించమన్నారు. నాలుగో రోజు పొద్దున కమిటీ ఏర్పడింది, సాయంత్రానికి నిబంధన తయారైంది.

నిబంధన చాలా ముచ్చటైనది. “పరిశోధన యందు ప్రస్తావింపబడిన ప్రతి వర్గము యొక్క మనోభావములకును ఎట్టి విఘాతమూ వాటిల్లలేదని, సదరు వర్గ ప్రతినిధి సంతకముతో కూడిన మనస్తాప రాహిత్య ధ్రువపత్రము జతపరచని యెడల, సిద్ధాంత గ్రంథము స్వీకరింపబడదు” అని దాని సారాంశం. అందరూ శిరసావహించారు. పాదరసం విషమని రాసిన రసాయన శాఖ విద్యార్థి థర్మామీటర్లు అమ్మే దుకాణదారుల సంఘం చేత సంతకం పెట్టించుకున్నాడు. గేదెలకొచ్చే గాలికుంటు మీద పరిశోధన చేసినామె పాల ఉత్పత్తిదారుల సంఘం అధ్యక్షుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. గేదెల తరఫున ఆయనే సంతకం చేసి, అవి ఏమీ అనుకోవని హామీ ఇచ్చి వెళ్లాడు.

చిక్కల్లా తులనాత్మక సాహిత్య శాఖలో వచ్చింది. అక్కడ ఆచార్య తాళ్ళూరి భానుమూర్తి దగ్గర కోలా స్వరూప అనే అమ్మాయి ఆరేళ్లుగా పరిశోధన చేస్తోంది. అంశం, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఫాసిజం వైపు మొగ్గిన ఫ్రెంచి రచయితలు, మేధావులు. అందుకోసం ఆ పిల్ల ఫ్రెంచి నేర్చుకుంది. రెండు వేసవులు పుదుచ్చేరి లైబ్రరీల్లో దుమ్ము మింగింది. చక్కటి వచనం రాసేవాళ్లు, సున్నితమైన మనసున్నవాళ్లు, పొరుగుదేశం పిలిస్తే రైలెక్కి వెళ్లి కవాతులు చూసి కళ్లనీళ్లు పెట్టుకుని ఎందుకొచ్చారో నాలుగు వందల పన్నెండు పేజీల్లో విడమరచి రాసింది. మార్చి ముప్పై ఒకటిలోగా గ్రంథం ఆఫీసులో పడాలి. పడకపోతే రిజిస్ట్రేషను రద్దవుతుంది, ఆరేళ్ల చదువూ చిత్తు కాగితాల్లో కలుస్తుంది, డాక్టరేటు పట్టుకుని జూన్‌లో వచ్చి చేరమన్న డిగ్రీ కాలేజీ ఉద్యోగమూ పోతుంది.

జనవరి నెల మొదట్లోనే ఆమె గ్రంథం పట్టుకుని సూపరింటెండెంటు గవర్రాజు దగ్గరికి వెళ్లింది. గవర్రాజు ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఏ ఫారంలోనూ ఒక్క గడి ఖాళీగా వదలని మనిషి. అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బానే రాశావమ్మా. చదవలేదు గానీ పేజీలు లెక్కపెట్టించాను. ఇందులో వర్గాలు మూడు. ఫ్రెంచివాళ్లు, రచయితలు, ఫాసిస్టులు. మూడు సంతకాలు పట్రా” అన్నాడు.

స్వరూప కాలికి బలపం కట్టుకుని తిరిగింది. యానాంలో, ఒకప్పుడు ఫ్రెంచి సైన్యంలో పనిచేసొచ్చిన ముసలాయన ఒకరు ఫ్రెంచివాళ్ల తరఫున సంతోషంగా సంతకం చేసి, కాఫీ ఇచ్చి, తన యవ్వనంలో తిన్న రొట్టె గురించి గంటసేపు చెప్పారు. జిల్లా రచయితల సమాఖ్య అధ్యక్షుడు మాత్రం కొంత బెట్టు చేశాడు. పడవల మీద ఆయన రాసిన పద్యాల పుస్తకం ఉపయుక్త గ్రంథాల పట్టికలో చేరిన తరవాత రచయితల మనోభావాలకూ ఢోకా లేదని తేలింది. ఇక మిగిలింది మూడో గడి.

“ఫాసిస్టులంటే ఇక్కడెవరూ లేరండీ” అంది స్వరూప.

“లేకపోతే నాలుగొందల పేజీలు ఎవరి మీద రాశావమ్మా?”

“వాళ్లంతా చచ్చిపోయారండీ.”

“వారసులుంటారుగా” అన్నాడు గవర్రాజు, కళ్లజోడు తుడుచుకుంటూ.

ఫైలు రిజిస్ట్రారు వామనరావు దగ్గరికి వెళ్లింది. ఆయన దేన్నీ తోసిపుచ్చే రకం కాదు, దేన్నీ తేల్చే రకమూ కాదు. పత్రికల్లో ప్రకటన వేయించారు. జిల్లాలో నివసించుచున్న ఫాసిస్టు వర్గీయులు తగు గుర్తింపు పత్రములతో పదిహేను దినములలోపు విశ్వవిద్యాలయ కార్యాలయమునకు హాజరు కావలెనని అందులో కోరారు. ముగ్గురొచ్చారు. మొదటాయన పోస్టు పర్మనెంటా కాదా అని కనుక్కుని వెళ్లిపోయాడు. రెండో ఆయన ఒక డ్రిల్లు మాస్టారు, సంగతి పూర్తిగా విని, తనకు సంతకం పెట్టడం ఇష్టమే గానీ తన పెన్షను కాగితాలు ఇంకా రాలేదని తప్పుకున్నాడు.

మూడో ఆయన మీద అందరికీ ఆశ కలిగింది. పెద్దమనిషి, వెండి పొన్ను కర్ర, ఇస్త్రీ చెడని లాల్చీ. ఈ ఎన్నికలూ వాదోపవాదాలూ దండగనీ, దేశానికి కొరడా పట్టుకున్న మగాడు ఒక్కడుంటే చాలుననీ, ఎదురు మాట్లాడినవాణ్ణి ఏం చేయాలో తనకు తెలుసుననీ రెండు గంటలు కదలకుండా చెప్పారు. గవర్రాజు ఆనందంగా ఫారం ముందుకు జరిపాడు. దాని మీద ఉన్న మాట చదివి ఆయన ముఖం కందగడ్డ చేసుకున్నారు. పిలిపించి ఇంత మాటంటారా అని లేచి వెళ్లిపోయి, మర్నాడు లాయరు నోటీసు పంపించారు.

అప్పటికి ఫిబ్రవరి సగమైంది. వామనరావుకు పరిపాలనలో ఒకే ఒక్క సూత్రం తెలుసు. ఏ కుర్చీలోనైనా మనిషి లేకపోతే, పక్క కుర్చీలో మనిషికి అదనపు బాధ్యతలు అప్పగించాలి. వృక్షశాస్త్రం ఆచార్యుడు గతంలో ఇలాగే ఎనిమిది నెలలు ఈత కొలను చూసుకున్నాడు. విషయ పరిజ్ఞానమున్నవాడెవరని వెతికితే, ప్రాంగణం మొత్తం మీద ఫాసిజం గురించి పదిమాటలు తెలిసినవాడు భానుమూర్తి ఒక్కడే.

భానుమూర్తి నోట్లో నాలుక లేని మనిషి. ఇరవై ఆరేళ్లుగా ఆ శాఖలో ఉన్నాడు. ఆయన గదిలో ఎవరూ ఉపయోగించని సైక్లోస్టైలు యంత్రాలు రెండు ఆయనకంటే ముందు నుంచీ ఉన్నాయి. అకడమిక్ కౌన్సిల్లో ఆయన చెయ్యెత్తితే ఎవరికీ కనపడదు. ఒకసారి పావుగంట ఎత్తి ఉంచితే, ఫ్యాను తిరగడం లేదని చెబుతున్నాడనుకుని ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. మూడు కవితా సంపుటాలు వేశాడు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇచ్చాడు. వాళ్లు రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నారు, చదివామని చెప్పినవాడు మాత్రం ఇప్పటిదాకా కనపడలేదు.

స్వరూప అంటే ఆయనకు కూతురంత ఆపేక్ష. తన పుస్తకాలన్నీ ఆ పిల్లకిచ్చాడు, ప్రతి అధ్యాయమూ మూడేసిసార్లు దిద్దాడు. వామనరావు విషయం చెప్పగానే ముందు నవ్వాడు. తరవాత, ఈ గండం దాటడానికి ఇంతకంటే దగ్గర దారి లేదని గ్రహించాడు.

“ఒక్క సంతకమే కదమ్మా. చేరిన రోజునే పెట్టేసి, ఆ సాయంత్రమే దిగిపోతాను” అన్నాడు ఆమెతో.

ఉత్తర్వు వచ్చింది. “తులనాత్మక సాహిత్య శాఖాచార్యులు శ్రీ టి. భానుమూర్తి గారు తమ స్వకీయ విధులకు భంగము కలుగని రీతిని, తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము, ఫాసిస్టు వర్గ మనోభావ ప్రతినిధి (ఇన్‌ఛార్జి) గా పూర్తి అదనపు బాధ్యతలు స్వీకరింపవలసినదిగా ఆదేశించడమైనది” అని అందులో ఉంది. భానుమూర్తి చేరిక పత్రం రాసిచ్చి, జేబులోంచి పెన్ను తీశాడు. వామనరావు చెయ్యి అడ్డం పెట్టారు. చేరిన పూటే సంతకం పెడితే ఆ వర్గానికి మనోభావాలే లేవనుకుంటారనీ, ఆడిట్ వాళ్లు అడుగుతారనీ, గ్రంథం ఆమూలాగ్రం ఫాసిస్టు దృష్టితో చదివి, అక్కడక్కడా నొచ్చుకుని, చివరికి సమాధానపడినట్టు ఫైల్లో కనిపించాలనీ చెప్పారు. దానికి నాలుగు వారాలన్నా పడుతుంది. మార్చి ముప్పై ఒకటికి ఇంకా నెల పైనే ఉందని భానుమూర్తి స్వరూపకు ధైర్యం చెప్పాడు.

ప్రతినిధి అన్నాక గది ఉండాలి. పరిపాలనా భవనంలో ఎత్తు వీపు కుర్చీ, కర్టెన్లు, బల్ల మీద ఇత్తడి గంట ఉన్న గది ఇచ్చారు. అప్పలకొండ అనే అటెండరును తలుపు దగ్గర వేశారు. రబ్బరు స్టాంపు చేయించారు గానీ అది చిన్నదవడం వల్ల ‘ఇన్‌ఛార్జి’ అన్న మాట పట్టలేదు. ‘ఫాసిస్టు వర్గ ప్రతినిధి’ వరకే పడింది. అందులో పేరుకు చోటే లేదు, ప్రతినిధులెవరైనా హోదాతోనే సంతకం చేయాలని నిబంధన. భానుమూర్తి లోపలికి వస్తుంటే అప్పలకొండ లేచి నిలబడ్డాడు. తన కోసం ఒక మనిషి లేచి నిలబడటం భానుమూర్తికి అదే మొదటిసారి. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తిరిగి చూశాడు.

రెండో రోజున కిటికీ కింద ఎవరో స్కూటరు హారన్ అదే పనిగా మోగించారు. చదువుతుంటే ఈ గోల కాస్త బాధగా ఉందని భానుమూర్తి అప్పలకొండతో అన్నాడు, మామూలుగానే, ఎండగా ఉందని అన్నట్టు. అప్పలకొండ వెళ్లి గవర్రాజుకు చెప్పాడు. గవర్రాజు నిబంధనలు తీసి ఏడో క్లాజు చదివాడు. గుర్తింపు పొందిన ప్రతినిధి మనోభావమునకు ప్రాంగణమందు దేనివలననైనా విఘాతము కలిగిన యెడల, సదరు కారణమును ఇరువది నాలుగు గంటలలోపు తొలగింపవలెను. మిగతా ప్రతినిధులంతా సంతకం పెట్టి ఇళ్లకు పోయినవాళ్లు కావడంతో ఈ క్లాజుతో ఇంతవరకూ ఎవరికీ పని పడలేదు. ప్రాంగణంలో కూర్చున్న ప్రతినిధి ఈయనొక్కడే. మధ్యాహ్నానికల్లా హారన్లు నిషేధించారు. సాయంత్రం భానుమూర్తి కిటికీ తెరిచి ఆ నిశ్శబ్దాన్ని చాలాసేపు విన్నాడు. ఇరవై ఆరేళ్లలో తను ఒక మాటంటే ఒక పని జరగడం ఆయన చూళ్లేదు.

మర్నాడు క్యాంటీను మీద బాధపడ్డాడు. విద్యార్థులు బల్లల చుట్టూ చేరి అరుచుకుంటున్నారు. మర్నాటి నుంచి వాళ్లు వరసలో నిలబడి, నిశ్శబ్దంగా ఇడ్లీ తిని, వచ్చిన వరసలోనే వెళ్లిపోవడం మొదలుపెట్టారు. ఆ వారం చివర వక్తృత్వ పోటీలో, ఒకే విషయానికి రెండు పక్షాలెందుకో అర్థం కావడం లేదని ఆయన అన్నాడు. రెండో పక్షాన్ని తీసేశారు. పోటీ అరగంటలో ముగిసింది. ప్రాంగణం ఇంత ప్రశాంతంగా తన హయాంలో ఎన్నడూ లేదని వామనరావు మీటింగులో అన్నారు.

ఇక కవిత్వం సంగతి. ఒకరోజు మీటింగు మొదట్లో భానుమూర్తి ఒక కవిత చదువుతానన్నాడు. అలవాటు ప్రకారం ఇద్దరు లేచారు. ఆయన ముఖం చిన్నబోయింది. అది చూసి గవర్రాజు ఏడో క్లాజు గుర్తు చేశాడు. ఇద్దరూ కూర్చున్నారు. భానుమూర్తి పదకొండు కవితలు చదివాడు. ప్రతి కవిత చివరా చప్పట్లు కొట్టారు, ఎవరు ముందు ఆపితే ఏమవుతుందోనని బాగా ఆలస్యంగా ఆపారు. ఆ రోజు ఆయన ఇంటికి నడిచి వెళ్లలేదు, గాల్లో తేలిపోతూ వెళ్లాడు. అన్నం దగ్గర మంచినీళ్ల కోసం చెంచాతో గ్లాసు మీద టంగున కొట్టాడు. ఆయన భార్య సుభద్ర వంటింట్లోంచి తొంగి చూసి, ఆ గంట ఆఫీసులో పెట్టి రమ్మని చెప్పి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

ఆయన చెడ్డవాడైపోయాడని మాత్రం అనుకోకూడదు. తన దృష్టిలో తను ఎప్పటిలాగే ఉదారవాది. ఇది పాత్ర పోషణ అనుకున్నాడు. ఈ మాటలు తనవి కావు, కుర్చీవి. దిగిపోయాక అన్నీ మామూలే. కాకపోతే దిగేలోగా కొన్ని మంచి పనులు చేయవచ్చు కదా. ఈలోగా పదేళ్లుగా పలకరించని తత్వశాస్త్రం ఆచార్యుడు గదికొచ్చి, లోతుగా చూస్తే క్రమశిక్షణే అసలైన స్వేచ్ఛ అని చెప్పి, ఆ మాట మీద ఒక వ్యాసం రాసి మరీ ఇచ్చి వెళ్లాడు. మరో ముగ్గురు ఆచార్యులు ఉప ప్రతినిధి పోస్టులేమైనా సృష్టిస్తారా అని విచారించారు. తాము ఫాసిస్టులం కామనీ, ఫాసిస్టు ప్రతినిధికి చేదోడుగా ఉండగలమనీ దరఖాస్తులో స్పష్టం చేశారు. భానుమూర్తి వాటిని పరిశీలనలో ఉంచాడు. ఉంచడంలో ఒక సుఖం ఉందని కూడా కనిపెట్టాడు.

స్వరూప మార్చి ఐదున వచ్చింది. చదువుతున్నానమ్మా అన్నాడు. పన్నెండున వచ్చింది. గంట కొట్టేదాకా బయట ఉండమని అప్పలకొండ చెప్పాడు. అరగంట తరవాత గంట మోగింది. ఐదో అధ్యాయంలో ఉన్నానన్నాడు భానుమూర్తి, ఆమె వంక చూడకుండా.

నిజంగానే ఐదో అధ్యాయంలో చిక్కుకుపోయాడు. దాని పేరు ‘వినేవాడు దొరికాడు’. ఆ రచయితలు రాక్షసులేమీ కారు, చాలామంది మర్యాదస్తులు, బోలెడు చదువుకున్నవాళ్లు, ఏళ్ల తరబడి తమను ఎవరూ పట్టించుకోలేదని లోలోపల కుమిలినవాళ్లు అని స్వరూప అందులో రాసింది. ఎవరో పిలిచి మొదటి వరసలో కూర్చోబెడితే, ఆ గౌరవాన్నే సిద్ధాంతమని పొరబడ్డారని నిరూపించింది. మూడేళ్ల కిందట భానుమూర్తి ఆ పేరా పక్కన పెన్సిలుతో ‘భేష్’ అని రాశాడు. ఇప్పుడు ఆ పేరా చదువుతుంటే ఒళ్లు మండింది. ఎవరినో ఉద్దేశించి రాసినట్టుంది. ఒక సున్నిత మనస్కుడి ఒంటరితనం ఈ కాలప్పిల్లలకేం తెలుసు? రబ్బరు తీసుకుని ‘భేష్’ చెరిపేశాడు. ఆపైన తెల్లకాగితాలు తెమ్మని గంట కొట్టి, సమాధానం రాయడం మొదలుపెట్టాడు. రెండు పేజీలు అనుకున్నది నలభై అయింది. అంత బాగా ఆయన జన్మలో రాయలేదు.

మార్చి ముప్పై ఒకటి మధ్యాహ్నం మూడింటికి విచారణ పెట్టారు. వామనరావు, గవర్రాజు, స్వరూప ఒక వరసలో కూర్చున్నారు. భానుమూర్తి ఎత్తు వీపు కుర్చీలో ఉన్నాడు. స్వరూప ధ్రువపత్రం తీసి, సంతకం పెట్టవలసిన చోట చిన్న గుర్తు పెట్టి ముందుంచింది. ఆయన దాన్ని పక్కకు జరిపాడు.

“మనసు నొచ్చుకుందమ్మా” అన్నాడు.

వామనరావు ఏ పేజీలో అని అడిగారు. ఐదో అధ్యాయమంతా అన్నాడు భానుమూర్తి. ఆ పిల్ల గడియారం వంక చూసింది. తరవాత, ఆరేళ్లుగా అనుమానాలు అడిగిన గొంతుతోనే అడిగింది.

“ఎవరి మనసండీ?”

“మావాళ్లది” అన్నాడు భానుమూర్తి.

ఆ మాట గదిలో అందరికీ వినపడింది. గవర్రాజు దాన్ని రాసుకున్నాడు. స్వరూప కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. అది చూసి గవర్రాజుకు ఏ మూలో జాలి కలిగింది. సంతకం లేకపోయినా తన గడి నిండితే చాలన్న ఆలోచనా వచ్చింది. నిబంధనలు తిరగేశాడు. తొమ్మిదో క్లాజు దొరికింది. ప్రతినిధి నొచ్చుకున్న పక్షమున, ఆయన వాఙ్మూలమును గ్రంథమునకు అనుబంధముగా యథాతథముగా చేర్చినచో స్వీకరింపవచ్చును. వాఙ్మూలమేదన్నా ఉందాండీ అని అడిగాడు. భానుమూర్తి అప్పటికే సొరుగు లాగి నలభై పేజీలు బల్ల మీద పెట్టాడు. అచ్చులో చూసుకోవాలన్న కోరిక ఆయన ముఖంలో దాగలేదు. స్వరూప వాటి మీద స్టాంపు వేయించుకుని, బైండింగు షాపుకు పరుగెత్తి, ఐదింటికి ఇంకా నాలుగు నిమిషాలుండగా గ్రంథం అప్పజెప్పింది.

పని అయిపోయింది కాబట్టి ప్రతినిధి పదవి కూడా అక్కడితో అయిపోవాలి. అయితే పదవి రద్దు చేస్తే ప్రతినిధి మనోభావం గాయపడుతుందేమోనని ఎవరూ ఆ ఫైలు కదపలేదు. ఏప్రిల్లో, పదవి పొడిగించమని భానుమూర్తే ఒక విన్నపం పెట్టుకున్నాడు. వామనరావు ఆరు నెలలు పొడిగించారు.

మే నెల ఆఖరి వారంలో స్వరూప వైవా జరిగింది. పరీక్షకురాలిగా హైదరాబాదు నుంచి ఆచార్య రజియా వచ్చారు. డెబ్భై ఏళ్ల మనిషి, చెవులు పాము చెవులు, మాట పదును. మనోభావ కమిటీ సంగతి ఆవిడకు తెలియదు. ఆ రోజు ఎండ మండిపోతోంది. గైడుగా భానుమూర్తి ఒక పక్కన కూర్చున్నాడు, వామనరావూ గవర్రాజూ, పదిమంది విద్యార్థులూ వెనక కూర్చున్నారు. గంటన్నరసేపు ఆవిడ అడిగినవాటికల్లా స్వరూప తడుముకోకుండా జవాబు చెప్పింది. ఆవిడ సంతృప్తిగా తలాడించి చివరి పేజీలు తెరిచారు.

“నీ గ్రంథం బాగుందమ్మా. కానీ దీనికి ప్రాణం మాత్రం ఈ అనుబంధం. ముప్పై ఏళ్లుగా ఈ సాహిత్యం చదువుతున్నాను. ఫాసిజం మనిషి లోపలికి ఎలా దిగుతుందో ఇంత విప్పి చెప్పిన రాత నేను చూళ్లేదు. తెలుగు కూడా అద్భుతంగా ఉంది.”

భానుమూర్తి ఛాతీ ఉప్పొంగింది. ఇరవై ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట అది. చదివినవాళ్లు ఒకరు దొరికారు. ఆవిడ అందులోంచి ఒక పేరా పైకి చదవడం మొదలుపెట్టారు. ‘అడిగేవాడు నిలబడి ఉన్నంతకాలం చెప్పేవాడికి శాంతి లేదు. అడిగేవాణ్ణి కూర్చోబెట్టండి. కూర్చోకపోతే వంచండి. వంగకపోతే వాడు మనవాడు కాడు.’ రాసేటప్పుడు భానుమూర్తికి అది పాటలా వినిపించింది. ఇప్పుడు ఆ ముసలావిడ నోట, ఆ ఉక్కలో, పదిమంది విద్యార్థుల మధ్య వింటుంటే చెమటలు పట్టాయి. ఆ అడిగేవాడుగా రాసేటప్పుడు తన మనసులో ఉన్నది ఎవరో ఆయనకు తెలుసు. ఆమె ఎదురుగా నిలబడే ఉంది. ఆయనకు సిగ్గేసింది. ఎక్కడికైనా పోయి ముఖం దాచుకోవాలనిపించింది.

“ఇంతకీ ఎవరిది? ఏ పుస్తకం, ఏ ఏడు అచ్చయింది?” అని రజియా అడిగారు. కింద పేరు లేదనీ, ముద్ర మాత్రం ఉందనీ, ఆ ముద్ర కూడా ఏ పార్టీదో తను కనిపెట్టలేకపోయాననీ అన్నారు. స్వరూప తల వంచుకుంది. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“మూలం చూపించకపోతే నువ్వే కల్పించావనుకోవాలి. కల్పించిన ఆధారం పెట్టిన గ్రంథానికి నేను సంతకం చెయ్యను. ఆరేళ్ల పనైనా సరే.”

“ఆధారం ఉందండీ. అది చెప్పాల్సింది నేను కాదు” అంది స్వరూప.

వామనరావు దగ్గి, అది పరిపాలనాపరమైన విషయమన్నారు. గవర్రాజు ఫైలు తెరిచి, మూసేశాడు. స్వరూప తలెత్తి గైడు వంక ఒక్కసారి చూసింది. అందులో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకు సులువయ్యేది.

భానుమూర్తి లేచాడు. ఈసారి ఆయన లేవడం అందరికీ కనపడింది.

“అది నాదండీ” అన్నాడు.

“అనువాదమా? చాలా బాగుంది. మూలం ఎవరిది?”

“మూలమూ నాదేనండీ. మొన్న మార్చిలో రాశాను. ఆ అమ్మాయి కల్పించిందేమీ లేదు. ఉన్నదున్నట్టే పెట్టింది.”

రజియా ఆయన వంక, చేతిలో కాగితాల వంక మార్చి మార్చి చూశారు. నవ్వలేదు, కసరలేదు. గ్రంథంలో ఒక చోట వేలు పెట్టి నెమ్మదిగా చెప్పారు. ఇలాంటివి రాసిన ప్రతి ఒక్కరూ తరవాత ఏమయ్యారో ఈ అమ్మాయి ఓపిగ్గా రాసింది. కొందరిని బోనెక్కించారు, కొందరు పరాయి దేశాలకు పారిపోయారు, కొందరు పేర్లు మార్చుకున్నారు. ఈ ఒక్కరి గురించే రాయలేదు.

“మరి మీరేమయ్యారు?” అని అడిగారు.

భానుమూర్తి వామనరావు వంక చూశాడు, ఆయన కిటికీ వంక చూస్తున్నారు.

“ఏమీ కాలేదండీ” అన్నాడు చివరికి. “పొడిగించారు.”

ఆవిడ ఆ రెండు మాటలూ తన నివేదికలో ఉన్నవి ఉన్నట్టుగా రాసుకున్నారు. కింద, డాక్టరేటుకు సిఫారసు చేస్తున్నానని రాసి సంతకం పెట్టారు.